పది గంటల మైలు



న్యూయార్కులో చలికాలపు రాత్రి. మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద హాలు. పైకప్పు కింద చెక్కపలకలు పరిచి కట్టిన చిన్న ట్రాకు మీద మైలు పరుగు వీరులు వచ్చి నిలబడ్డారు. తుపాకీ పేలడానికి మాత్రం గడియారం పది కొట్టాలి. ఆ పది గంటల లెక్క వెనక ఉన్నది రేడియో. టెడ్ హ్యూసింగ్ అనే పేరున్న వ్యాఖ్యాత క్రీడల కార్యక్రమం రాత్రి పది గంటలకు వచ్చేది. పరుగు జరుగుతుండగానే ఆయన దాన్ని శ్రోతలకు వినిపించేవాడు. అలా పరుగే రేడియో వేళకు సర్దుకుంది. హ్యూసింగ్ కాలం దాటాక కూడా ఎన్నో ఏళ్లు ఆ పరుగుకు పది గంటల ముహూర్తమే సాగింది. దాని పేరు వానామేకర్ మైలు.

నాలుగు నిమిషాల్లో ముగిసిపోయే పరుగు. కళ్లతో చూడాల్సిన దాన్ని చెవులతో వింటే ఏం తెలుస్తుంది? నేను పల్నాడు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. బడి మైదానంలో సున్నంతో గీతలు గీసి, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని, పిల్లల్ని పరిగెత్తించినవాణ్ణి. పరుగంటే కళ్ల పని అనే అనుకునేవాణ్ణి. 2025 ఫిబ్రవరి 8న న్యూయార్కులో ఆ వానామేకర్ మైలును దగ్గరుండి చూశాక నా అభిప్రాయం మారింది. పైకప్పు కింద జరిగే మధ్యదూరపు పరుగును సగం చూడాలి, సగం వినాలి. ఆ వినే సగం ప్రేక్షకులది. వాళ్ల గురించి చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముందు ఆ పోటీల పుట్టుక చెబుతాను. వానామేకర్ అన్నది ఒకప్పుడు అమెరికాలో పేరుమోసిన పెద్ద అంగడి. ఆ అంగడి ఉద్యోగులు 1908లో ఒక క్రీడా సంఘం పెట్టుకుని పోటీలు మొదలుపెట్టారు. యజమాని కొడుకు రాడ్‌మన్ వానామేకర్‌కు ఊరి బయట ఉన్న బంగళా పేరు మిల్‌రోజ్. పోటీలకు ఆ పేరే వచ్చింది. 1914లో అవి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు చేరాయి, 2011 దాకా అక్కడే జరిగాయి. అక్కడి ట్రాకు శాశ్వతమైనది కాదు. పోటీల కోసం పలకలు తెచ్చి బిగించేవారు, అయిపోగానే విప్పేసేవారు. ఎంత చిన్నదంటే, మైలు పూర్తి కావాలంటే పదకొండు చుట్లు తిరగాలి. ఒక మలుపు ముగిసిందో లేదో ఇంకో మలుపు. మేకుల బూట్లతో అరడజను మంది ఆ బోలు పలకల మీద పరిగెత్తితే డప్పు మోగినట్టు మోగేది. పైన గ్యాలరీల్లో చుట్టల పొగ, కింద అధికారులు నల్లకోట్లు, మెడకు బో టైలు. పొగలో పరిగెత్తేవాళ్ల గుండెల సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. కానీ ఆ చప్పుడు రేడియోకి ఎంత నప్పి ఉంటుందో ఊహించగలను. మైకు ముందు హ్యూసింగ్ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా, ఆ ఖాళీని పలకలు నింపేవి.

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్నది ఏమిటని ఆలోచించాను. క్రికెట్ కాదు, దాన్ని దూరం నుంచి చూస్తాం. నాకు తట్టింది తిరునాళ్లలో జరిగే బండలాగుడు. ఎడ్ల జత బండను లాక్కుంటూ ఈ కొసకు వచ్చి, తిరిగి, ఆ కొసకు పోతుంటే జనం తాడు పక్కనే నిలబడి ఉంటారు. ఎడ్ల ఊపిరి వినిపిస్తుంది, దుమ్ము ముఖాన కొడుతుంది. మైకులో ఆయన నిమిషాలూ అడుగులూ చదువుతుంటాడు. జత అలిసిపోతున్నదని కళ్లకు తెలిసే లోపే జనం కేకలో తేడా వస్తుంది. ఆ కేకకు ఎడ్లు మళ్లీ కదులుతాయి. చూసేవాడికీ లాగేదానికీ మధ్య ఉన్నది ఒక తాడు మాత్రమే. పైకప్పు కింద పరుగులోనూ అంతే దగ్గర.

ఇప్పటి ఇండోర్ ట్రాకు చుట్టు 200 మీటర్లు. ఆరుబయట ట్రాకులో సగం. 800 మీటర్లంటే నాలుగు చుట్లు, 1500 అంటే ఏడున్నర, మైలంటే ఎనిమిది చుట్ల మీద తొమ్మిది మీటర్లు. మలుపుల దగ్గర బయటి అంచు గట్టులా పైకి లేచి ఉంటుంది. వేగంగా వచ్చే మనిషి బయటికి జారిపోకుండా ఆ వాలు ఆపుతుంది. కానీ ముందున్నవాణ్ణి మలుపులో దాటాలంటే ఆ గట్టు ఎక్కి దిగాలి. పైగా ఒక్క మీటరు బయటగా పూర్తి చుట్టు తిరిగితే ఆరు మీటర్లకు పైగా అదనపు దూరం పడుతుంది. నేరుగా ఉండే దారి చూస్తే పొట్టిది, నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. దాటదలచుకున్నవాడు ఆ కొద్ది సెకన్లలో తేల్చుకోవాలి, లేదంటే మళ్లీ మలుపు దాటేదాకా ఆగాలి. అందుకే ఇక్కడ మోచేతులు తగులుతాయి, మడమలు తొక్కుకుంటారు, పడిపోతారు. ఇవన్నీ ప్రేక్షకుడికి రెండు మూడు గజాల దూరంలో జరుగుతాయి. ఆరుబయట స్టేడియంలో దూరపు మలుపు దగ్గర ఏం జరిగిందో తెరమీద చూసుకోవాలి. ఇక్కడ అరనిమిషం తిరక్కుండా మొత్తం గుంపు మళ్లీ మీ ముందు నుంచే పోతుంది. మొదటి చుట్టులో నెమ్మదిగా ఉన్న ముఖం అయిదో చుట్టులో ఎలా మారిందో మీకు తెలుస్తుంది. పెదవులు ఎండిపోవడం తెలుస్తుంది. ఎండుగాలికి గొంతు రాసుకుపోయి, పరుగయ్యాక వాళ్లంతా ఒకటే దగ్గు. టీవీలో ఆ దగ్గు ఎప్పుడూ వినలేదు.

మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. బడి రోజుల్లో నా దగ్గరే 1500 మీటర్లు పరిగెత్తినవాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు, “మావయ్యా, నీకు గుళ్లూ జలపాతాలూ తర్వాత, ముందు ఇది చూడాలి” అని ఫిబ్రవరి చలిలో మాన్‌హాటన్ పైకొసకు, 168వ వీధికి తీసుకెళ్లాడు. మిల్‌రోజ్ పోటీలు 2012 నుంచి అక్కడి ఆర్మరీలో జరుగుతున్నాయి. 1911లో సైనిక దళం కోసం కట్టిన ఇటుక భవనం అది. 1980లలో ఇల్లులేనివాళ్లకు ఆశ్రయంగా ఉండేది. ఆ హాల్లో వందల మంచాలు వేసి మనుషులు పడుకునేవారట. 1990లలో దాన్ని మళ్లీ పరుగులకు తెచ్చారు. అయిదువేల మంది పడతారు, అంతే. బడిపిల్లలు, వాళ్ల కోచ్‌లు, వయసు మళ్లిన పాత పరుగువీరులు, ఇథియోపియా కుటుంబాలు, జేబులో నుంచి స్టాప్‌వాచ్ తీసిన ఒక ముసలాయన. ఆ స్టాప్‌వాచ్ చూడగానే నాకు సొంతూళ్లో ఉన్నట్టనిపించింది.

ఆ మధ్యాహ్నమే 3000 మీటర్ల పరుగులో అమెరికా వాడు గ్రాంట్ ఫిషర్ 7 నిమిషాల 22.91 సెకన్లతో ప్రపంచ ఇండోర్ రికార్డు కొట్టాడు. రెండోవాడు కోల్ హాకర్ కూడా పాత రికార్డును దాటాడు. చివరికొచ్చింది మైలు. అందరి నోటా ఒకే పేరు, యారెడ్ నుగూస్. ఇథియోపియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, కెంటకీ కుర్రాడు, పారిస్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల కంచు పతకం గెలిచినవాడు. అభిమానులు ముద్దుగా గూస్ అంటారు, అంటే బాతు. అంతకుముందు రెండేళ్లు వరసగా అక్కడ గెలిచాడు. అప్పటికి ఇండోర్ మైలు రికార్డు 3 నిమిషాల 47.01 సెకన్లు, ఇథియోపియా వాడు యోమిఫ్ కెజెల్చా పేరిట.

ఇక్కడ మా వాడు నా చెవిలో చెప్పిన కథ మీకూ చెప్పాలి. 2019 ఫిబ్రవరిలో ఇదే హాల్లో కెజెల్చా మైలు పరిగెత్తాడు. అప్పటి రికార్డు మొరాకో మహాయోధుడు హిషామ్ ఎల్ గెరూజ్‌ది, 3 నిమిషాల 48.45. కెజెల్చాకు వచ్చింది 3 నిమిషాల 48.46. సెకనులో నూరో వంతు! ఇరవై రెండేళ్ల రికార్డుకీ అతనికీ మధ్య ఉన్నది అంతే. మూడు వారాల తర్వాత బోస్టన్‌లో అతను ఆ రికార్డును సెకనుకు పైగా తేడాతో తుడిచేశాడు. అయినా ఆర్మరీకి వచ్చేవాళ్లు ఇప్పటికీ చెప్పుకునేది ఆ నూరో వంతునే. నాకు అది అర్థమైంది. దొరికినదాని కన్నా చేతికందీ జారిపోయినది ఎక్కువ రోజులు గుర్తుంటుంది. మా బడిలోనూ గెలిచిన పిల్లల పేర్లు కొన్ని మరిచిపోయాను గానీ, గీత ముందు పడిపోయిన పిల్ల పేరు మరవలేదు.

తుపాకీ పేలింది. మొదటి రెండు చుట్లు హాలు అంత గోలగా ఏమీ లేదు. తెలిసిన ప్రేక్షకులు, ఊపిరి దాచుకున్నారు. ప్రతి చుట్టుకూ మైకులో సమయం చెబుతున్నారు. ఇరవై ఎనిమిది చిల్లర, మళ్లీ ఇరవై ఎనిమిది. అంకె వినగానే ఒక చిన్న గుసగుస హాలంతా పాకుతుంది. అందరూ మనసులో లెక్కలు వేస్తున్నారు. వేగం చూపించడానికి పెట్టిన మనిషి పక్కకు తప్పుకోగానే నుగూస్ ముందు, అతని మడమల దగ్గర హాబ్స్ కెస్లర్ అనే కుర్రాడు. అప్పుడు మొదలైంది అసలు శబ్దం. నేను దాన్ని అరుపు అనలేను. అరుపైతే ఒక చోటు నుంచి వస్తుంది. ఇది పరిగెత్తేవాళ్లతో పాటు చుట్టూ తిరుగుతోంది. వాళ్లు ఏ మలుపులో ఉంటే ఆ మలుపు దగ్గర జనం లేచి అట్టల మీద, కమ్మీల మీద దబదబా కొడుతున్నారు. వాళ్లు దాటిపోగానే ఆ చోటు సన్నగిల్లి, పక్కచోటు లేస్తోంది. కళ్లు మూసుకుని ఉన్నా నుగూస్ ఎక్కడున్నాడో చెప్పగలను. నిజంగానే ఒక్క చుట్టు కళ్లు మూసుకున్నాను. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి మళ్లీ వెనక్కి, ఆ ఘోష నా తల చుట్టూ తిరిగింది.

అప్పుడే హ్యూసింగ్ సంగతి నాకు అర్థమైంది. ఆ రోజుల్లో రేడియో దగ్గర కూర్చున్నవాళ్లకు అందింది ఇదే.

చివరి చుట్టు గంట మోగింది. ఆ గంట మోత కూడా నాకు వినిపించలేదు, గంట కొట్టేవాడి చెయ్యి మాత్రం కనిపించింది. కెస్లర్ వదల్లేదు. నుగూస్ కూడా చోటివ్వలేదు. గీత దాటాక ఒక క్షణం, ఒక్క క్షణం హాలు ఆగింది. అయిదువేల మంది గడియారం వైపు చూశారు. 3 నిమిషాల 46.63. పక్కన కూర్చున్న పెద్దావిడ, ముక్కూ మొహం తెలియని మనిషి, నా భుజం పట్టుకుని ఊపేసింది. మా వాడు ఏడుస్తున్నాడు. నేనూ ఆపుకోలేదు.

కాసేపయ్యాక నా కళ్లు కెస్లర్ కోసం వెతికాయి. అతని సమయం 3 నిమిషాల 46.90. అంటే అతను కూడా పాత ప్రపంచ రికార్డును దాటాడు. పైకప్పు కింద ఆ రోజు దాకా ఎవరూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తాడు, కానీ సెకనులో నాలుగోవంతు ముందే నుగూస్ గీత దాటేశాడు. కొందరు అభిమానులు కమ్మీల దగ్గరికి వెళ్లి అతని పేరే పిలిచి చప్పట్లు కొట్టారు. ఆ కొద్దిమంది మీద నాకు గౌరవం కలిగింది.

అయిదు రోజులు గడిచాయి. ఫిబ్రవరి 13. ఉత్తర ఫ్రాన్సులో లియెవాన్ అనే ఊరు, ఒకప్పుడు బొగ్గుగనుల ఊరు. అక్కడ నార్వే వాడు యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సన్ మైలును 3 నిమిషాల 45.14కు తెచ్చాడు. దారిలో 1500 మీటర్ల గుర్తు దగ్గర 3 నిమిషాల 29.63, అదీ ప్రపంచ ఇండోర్ రికార్డే. ఒక్క పరుగులో రెండు. మా మేనల్లుడు ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. “మావయ్యా, మన రికార్డు పోయింది” అన్నాడు. మన రికార్డట! పల్నాడు పిల్లవాడు, కెంటకీ కుర్రాడి రికార్డు. నేను నవ్వలేదు. అక్కడ ఉండి కేక వేసినవాడికి ఆ హక్కు ఉంది.

ఇక్కడే అభిమానుల మధ్య పాత తగాదా ఒకటి మళ్లీ పైకి వచ్చింది. లియెవాన్ లాంటి చోట్ల ట్రాకు లోపలి అంచున చిన్న దీపాలు వరసగా ఉంటాయి. అనుకున్న వేగంలో ఆ వెలుగు చుట్టూ పరిగెత్తుతుంది. పరుగుమనిషి ఆ వెలుగుతో పోటీ పడతాడు. బూట్ల అడుగున పాత రోజుల్లో లేని నురుగూ పలకా వచ్చాయి. అందుకని కొందరు, ఇది పందెం కాదు, గడియారంతో ఒప్పందం అంటారు. ఇంకొందరు, మనిషి ఎంత వేగంగా పోగలడో తేలడమే కదా పండుగ అంటారు. నా మాట చెబుతాను. నేను స్టాప్‌వాచ్ మనిషిని, అంకెలంటే నాకు ప్రాణం. ఇంగెబ్రిగ్ట్‌సన్ పరుగును తగ్గించి మాట్లాడేవాళ్లతో నేను కలవను. ప్రతి చుట్టూ 28 సెకన్లలో, అదీ ఎనిమిది చుట్లు, ఎక్కువ భాగం ఒంటరిగా! ఆ ఒంటరితనం మామూలు మనిషి తట్టుకునేది కాదు. కానీ దీపం వెలిగిన దగ్గర చూసేవాడి కన్ను దీపం మీదికి పోతుంది. మనిషి వెలుగుకు ముందున్నాడా వెనకున్నాడా, అంతే మిగులుతుంది. ఆర్మరీలో నా కన్ను కెస్లర్ భుజం మీద ఉంది. ఆ భుజం ఎప్పుడు పక్కకు జరుగుతుందా అని నా గుండె కొట్టుకుంది. నేను మళ్లీ టికెట్ కొనుక్కుంటే ఆ భుజం కోసమే.

ఈ తగాదా ఇప్పటిది కాదని చెప్పాను కదా. ఐర్లండ్ వాడు రాన్ డెలానీ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల బంగారు పతకం గెలిచాడు. అమెరికాలో చదువుకుంటూ ఇండోర్ ట్రాకు మీద వరసగా 40 పరుగులు గెలిచాడు. నలభై! అతని పద్ధతి ఒకటే. గుంపులో ఉండి, చివర్లో లేచి, గెలవడానికి ఎంత వేగం కావాలో అంతే పరిగెత్తడం. గార్డెన్‌లో ప్రేక్షకులు కొందరు దానికి కోపగించి, గెలిచిన మనిషినే ఎగతాళి చేస్తూ అరిచారు. డబ్బిచ్చి వచ్చింది రికార్డు చూడటానికి కదా అని వాళ్ల బాధ. డెలానీకి వేగం లేక కాదు. 1959లో 4 నిమిషాల 1.4 సెకన్లతో ఇండోర్ మైలు రికార్డు కూడా అతనిదే అయింది. ఆ అరిచినవాళ్ల తొందర నాకు అర్థమవుతుంది, కానీ వాళ్లు పొరపాటుపడ్డారనే అంటాను. నలభై సార్లు వెనక నుంచి వచ్చి, నలభై సార్లు సరైన క్షణం పట్టుకున్న మనిషిని చూసే అదృష్టం వాళ్లకు దక్కింది.

అలాంటి అదృష్టాన్ని గ్లాస్గో జనం వదులుకోలేదు. 2024 మార్చిలో ప్రపంచ ఇండోర్ పోటీలు అక్కడ జరిగాయి. పురుషుల 1500 మీటర్ల ఫైనల్ గెలిచిన సమయం 3 నిమిషాల 36.54, రికార్డుకు ఎంతో దూరం. గెలిచినవాడు న్యూజిలాండ్ వాడు జోర్డీ బీమిష్, అసలు అడ్డంకులూ నీటిగుంటా దాటే స్టీపుల్‌చేజ్ మనిషి. గుంపు వెనకాల ఉన్నవాడు చివరి మలుపు తర్వాత ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, గీత ముందు హాకర్‌ను పట్టేశాడు. స్కాట్లాండ్ జనానికి న్యూజిలాండ్ వాడు ఏమవుతాడు? ఏమీ కాడు. అయినా లేచి నిలబడ్డారు. అదే పోటీల్లో ఎడిన్‌బరో బిడ్డ జాష్ కెర్ 3000 మీటర్లలో ఇథియోపియా వాడు సెలెమన్ బరేగాను చివర్లో దాటి గెలిచినప్పుడు చెప్పనే అక్కర్లేదు. ఆ వీడియోలో వ్యాఖ్యాతల మాటలు జనం హోరులో మునిగిపోతాయి. నేను దాన్ని చాలాసార్లు విన్నాను. విన్నాను అనే అంటున్నాను.

సొంత మనిషి కోసం వేసే కేక వేరు, పరాయి ఊళ్లో ఉండి సొంత మనిషి కోసం వేసే కేక ఇంకా వేరు. అమెరికాలో ఇండోర్ పరుగులకు ఊపిరి పోసినవాళ్లలో వలసవచ్చిన జనం చాలామంది. 1925 జనవరి 6న ఫిన్లండ్ మహావీరుడు పావో నుర్మి గార్డెన్‌లో మొదటిసారి దిగాడు. ఫిన్నిష్ అమెరికన్ క్రీడా సంఘం పెట్టిన పోటీలవి. ఒకే రాత్రి మైలులోనూ 5000 మీటర్లలోనూ ఇండోర్ రికార్డులు కొట్టాడు. ఆ చలికాలమూ వసంతమూ కలిపి అమెరికాలో 55 పరుగులు పరిగెత్తాడు. ఇళ్లలోనూ కర్మాగారాల్లోనూ పనిచేసే ఫిన్లండ్ వాళ్లు తమ భాషలో తమ మనిషి పేరు పిలిచారు. నుర్మి నవ్వేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. వాళ్లకు అతను నవ్వనక్కర్లేదు.

తర్వాత ఐరిష్ వాళ్లు. వాళ్ల మనసు దోచినవాడు డబ్లిన్ నుంచి వచ్చిన ఈమన్ కోగ్లన్. ఆరుబయట అతనికి ఒలింపిక్ పతకం దక్కలేదు. 1976లో 1500 మీటర్లలో నాలుగో స్థానం, 1980లో 5000 మీటర్లలో మళ్లీ నాలుగో స్థానం. రెండుసార్లూ పతకం ఒక్క మెట్టు దూరంలో నిలిచింది. కానీ పైకప్పు కింద వానామేకర్ మైలును ఏడుసార్లు గెలిచాడు. అభిమానులు అతన్ని ‘చైర్మన్ ఆఫ్ ద బోర్డ్స్’ అని పిలుచుకున్నారు. బోర్డు అంటే కంపెనీ పాలకమండలీ, బోర్డు అంటే ట్రాకు చెక్కపలకా. పలకల సభకు అధ్యక్షుడన్న మాట. 1983 ఫిబ్రవరి 27న న్యూజెర్సీలో 3 నిమిషాల 49.78 సెకన్లు పరిగెత్తి, పైకప్పు కింద మైలులో 3 నిమిషాల 50 సెకన్ల లోపు వచ్చిన మొదటి మనిషి అయ్యాడు. ఆ రికార్డు పద్నాలుగేళ్లు నిలిచింది. అదే పరుగులో పరిగెత్తిన ఇంకో ఐరిష్ వాడు రే ఫ్లిన్, తర్వాతి కాలంలో మిల్‌రోజ్ పోటీలను నడిపించినవాడు.

ఆడవాళ్ల పరుగుల్లో నన్ను వదలని రోజు ఒకటుంది. 2002 మార్చి 3, వియన్నా, యూరప్ ఇండోర్ పోటీల్లో 800 మీటర్ల ఫైనల్. ఆస్ట్రియా అమ్మాయి స్టెఫానీ గ్రాఫ్, టెన్నిస్ ఆడిన స్టెఫీ గ్రాఫ్ కాదు, సిడ్నీ ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చిన పరుగు గ్రాఫ్, సొంతవాళ్ల ముందు పరిగెత్తింది. ఆమె సమయం 1 నిమిషం 55.85 సెకన్లు. అంతకుముందున్న ప్రపంచ ఇండోర్ రికార్డు కన్నా అర సెకను మెరుగు. కానీ ఆమె పక్కనే పరిగెత్తిన స్లొవేనియా అమ్మాయి యోలాండా చెప్లాక్ సమయం 1 నిమిషం 55.82. సెకనులో నూటికి మూడు వంతులు. వియన్నా జనం ఆ అంకెలు చూసి ఎటు పోవాలో తెలియని స్థితిలో పడ్డారు. ఆ రికార్డు ఇరవై ఏళ్లకు పైగా నిలిచింది. అదే రోజు, 2002 మార్చి 3న, ఇంగ్లండ్‌లో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమే పారిస్‌లో 800 మీటర్ల ఒలింపిక్ బంగారం గెలిచిన కీలీ హాడ్జ్‌కిన్సన్. తను పుట్టిన రోజునాటి రికార్డును కొట్టడానికి 2025 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో తన పేరునే పోటీలు పెట్టించింది. తొడ కండరం పట్టేసి పరిగెత్తలేకపోయింది. టికెట్లు కొన్న జనం మాత్రం వచ్చారు, మిగతా పరుగులకు గొంతు ఇచ్చారు.

మన తెలుగువాళ్లలో చాలామందికి ఇండోర్ అథ్లెటిక్స్ పరిచయమైంది విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ వల్ల. 2024లో టెహ్రాన్‌లో జరిగిన ఆసియా ఇండోర్ పోటీల్లో 60 మీటర్ల హర్డిల్స్‌ను 8.12 సెకన్లలో గెలిచింది. అవే పోటీల్లో 1500 మీటర్ల బంగారం పంజాబు అమ్మాయి హర్మిలన్ బెయిన్స్ తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో బోస్టన్ యూనివర్సిటీ ఇండోర్ ట్రాకు మీద మన సైనికుడు గుల్వీర్ సింగ్ 5000 మీటర్లను 12 నిమిషాల 59.77 సెకన్లలో ముగించాడు. 13 నిమిషాల లోపు వచ్చిన మొదటి భారతీయుడు. ఇరవై అయిదు చుట్లు! మా మేనల్లుడు పంపిన వీడియోలో ట్రాకు అంచునే నిలబడ్డ కుర్రాళ్లు, దేశం ఏదో తెలియకపోయినా, ప్రతి చుట్టుకూ అతని మీదికి వంగి కేకలు వేస్తున్నారు. ఇప్పుడు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో పైకప్పు కింద ట్రాకు ఉంది. విశాఖ నుంచి కొన్ని గంటల రైలు ప్రయాణం. వీలైనవాళ్లు పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లండి, మలుపు దగ్గర కూర్చోండి.

చివరగా కోగ్లన్ దగ్గరికే వస్తాను. రికార్డులన్నీ అయిపోయాయి, ఇంటికి వెళ్లి కూర్చోవచ్చు. అతనికి ఒక కోరిక మిగిలింది. నలభై దాటిన వయసులో నాలుగు నిమిషాల లోపు మైలు. అప్పటిదాకా ఎవరూ చేయలేదు. 1994 ఫిబ్రవరి 20. ఈసారి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ లేదు, రాత్రి పది గంటలు లేవు. హార్వర్డ్ యూనివర్సిటీ ఇండోర్ ట్రాకు, ఆ రోజు అక్కడ జరుగుతున్నవి మసాచుసెట్స్ హైస్కూలు పిల్లల పోటీలు. వాళ్ల పరుగుల మధ్య అతని మైలుకు చోటిచ్చారు. ఆ పిల్లల్లో చాలామంది పుట్టే నాటికి అతను వానామేకర్ మైలు గెలవడం మొదలుపెట్టాడు. నలభై ఒక్క ఏళ్ల మనిషి, తమ నాన్నల ఈడువాడు, వాళ్ల ట్రాకు మీద ఎనిమిది చుట్లు తిరిగాడు.

3 నిమిషాల 58.15 సెకన్లు.

ముప్పై ఏళ్లు పిల్లల పరుగులు చూసినవాణ్ణి కాబట్టి, ఆ హాల్లో ఆ క్షణాన లేచిన పిల్లల గొంతులు నాకు వినిపిస్తూనే ఉంటాయి.